చీమలు తిన్న మంటపం

ఇప్పటి పిల్లలకు జిగురంటే ట్యూబు. మూత తిప్పాలి, పిండాలి, అంతే. నేను బడిలో చెక్కపని నేర్పి రిటైరైన మనిషిని. సగం ట్యూబు ఒకే అతుకు మీద పిండేసి, ముక్క ఆ జిగురులో ఈదుతుంటే "సార్, ఇది ఆరడం లేదు" అని వచ్చేవాళ్లు. "ఎట్లా ఆరుతుందిరా, దానికి తలస్నానం చేయించావు గదా!" అని తిట్టేవాణ్ణి. నా తిట్లు వాళ్లకు అలవాటే. నవ్వుకుంటూ పోయేవాళ్లు.

నాకు జిగురు నేర్పిన మనిషి తిట్టినట్టు మాత్రం నేను ఎవర్నీ తిట్టలేదు. ఆయన మా మేస్త్రి. బడి ఉద్యోగం రాకముందు, రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న రోజుల్లో, నేను నంద్యాలలో ఆయన కొట్టంలో పనిచేశాను. తలుపులు, మంచాలు, ఉయ్యాలలు, దేవుని గూళ్లు చేసేవాళ్లం. నా వేళ్లు సన్నం. అందుకని గూటికి పూరేకులు అంటించడం, ఉయ్యాలకు చిలకలు నిలబెట్టడం లాంటి చిన్న ముక్కల పని నా నెత్తిన పడేది. పెద్ద పని రాదు కాబట్టి చిన్న పని ఇస్తున్నాడని నాకు లోపల ఉడుకు. బయటికి అంటే బతకనిస్తాడా!

అప్పుడు వడ్రంగులకు జిగురంటే వజ్రం. పేరు చూసి మోసపోకండి. పశువుల తోళ్లు, ఎముకలు ఉడకబెట్టి తీసేది. ఎండిన బెల్లపు పలకల్లా వస్తుంది. నీళ్లలో నానేసి, వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించాలి. ఆ వాసన గురించి చెప్పను, మీరు అన్నం తినే వేళేమో. కానీ పట్టు పట్టిందంటే చెక్క విరగాల్సిందే తప్ప అతుకు ఊడదు.

అంత గట్టి జిగురు చేతిలో ఉన్నా మా మేస్త్రి దాన్ని నమ్మేవాడు కాదు. వేలెడంత ముక్కకైనా చివర చిన్న ముక్కు చెక్కాలి, ఎదుటి ముక్కలో దానికి తగ్గ బెజ్జం తీయాలి. ఆ ముక్కునే మేము కుసి అంటాం. కుసి బిగుతుగా దూరి నిలబడ్డాకనే జిగురు. "వజ్రం ఉంది గదా మేస్త్రీ, ఇంత చిన్నదానికి కుసి ఎందుకు?" అని ఒకసారి అడిగి చచ్చాను.

"నీకు ప్రాణం ఉండాదని ఎముకలు తీసి పారేసినాడా దేవుడు? గమ్మునుండి చెక్కు" అన్నాడు.

ఒక ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం, ఆళ్లగడ్డ నుంచి ఒక శిల్పి వచ్చాడు. మేస్త్రికి బావమరిది వరస. ఇద్దరూ ఎదురుపడితే ముందు ఎగతాళి, తర్వాతే మంచినీళ్లు.

"బావా, నాకొగ మంటపం చేసియ్యాల."

"ఏందీ? కొండలు పగలగొట్టేటోనివి, మంటపానికి చెక్కోని కాడికి వస్తివా? ఆళ్లగడ్డలో రాళ్లు అయిపోయినాయా?"

శిల్పి నవ్వాడు గానీ ఆ నవ్వు నిలవలేదు. విషయం చెప్పాడు. ఆళ్లగడ్డ పక్క ఊర్లో గుడి ముందర పదహారు కాళ్ల మంటపం కట్టించాలని ఆ ఊరి పెద్దాయన అనుకున్నాడు. ఈయన గీత గీసి తీసుకుపోయి చూపించాడు. పెద్దాయన కాగితాన్ని ఇటు తిప్పి అటు తిప్పి, "ఈ గీతల్లో మంటపం యాడుండాదప్పా?" అని అడిగాడట. కంటికి కనిపించేట్టు చెక్కతో చిన్న మాదిరి చేసుకొస్తే, దాన్ని స్వామి ముందర పెట్టి అనుమతి అడిగి, అప్పుడు సరే అంటాడట. అదీ ఆషాఢం రాకముందే జరగాలి. శూన్యమాసం వచ్చిందంటే మాట మళ్లీ ఎప్పటికో.

"వస్తే వస్తాది, లేకుంటే లేదు. దానికింత మొగం ఏలాడేసుకుంటివే?" అన్నాడు మేస్త్రి.

"యుద్ధం వచ్చినప్పట్నుంచి విగ్రహాలు అడిగేటోళ్లే లేరు బావా. రోడ్డు కాంట్రాక్టరు మనిషి వచ్చి పోయినాడు, కంకర కొట్టేదానికి రమ్మని. ఈ మంటపం వస్తే మా మూడిండ్లోళ్లం ఊర్లోనే ఉంటాం. రాకుంటే ఆషాఢంలోనే రోడ్డు మీదికి పోతాం. సుత్తి గూడా తెచ్చి పెట్టినా."

ఆయన ఆ మాట అన్నప్పుడు నేను ఆయన చేతుల వంక చూశాను. ఒకసారి మేస్త్రితో ఆళ్లగడ్డ పోయినప్పుడు ఆ చేతులు అమ్మవారి విగ్రహానికి కనురెప్ప తీయడం చూసి ఉన్నాను. ఊపిరి కూడా వదలకుండా, ఉలిని దూదిలా ఆనించి తీశాడు. ఒక్క ఏడాది కంకర కొడితే చేయి మొద్దుబారుతుంది. ఆ తర్వాత ఏ విగ్రహానికీ కనురెప్ప రాదు. మేస్త్రికి ఈ సంగతి నాకంటే బాగా తెలుసు. అందుకే ఎగతాళి ఆపేసి, "సరే, గీత ఇటియ్యి" అన్నాడు.

శిల్పి లేవబోతూ ఆగాడు. "ఇంగొగ మాట బావా. వజ్రం వద్దు. ఆడి అర్చకస్వామి అహోబిలం నుంచి వచ్చినాయన. సామి ముందర పెట్టేదానికి తోలు బంక ఎట్ల వాడతాం?"

మేస్త్రి చేతిలో చెక్క చెక్కే బాడిస ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచి ఆయన వజ్రం తప్ప వేరే జిగురు ముట్టలేదు. అయినా వద్దన్నాక వద్దు. అట్లా మొదలైంది మా తిప్పలు.

ముందు తుమ్మబంక కరిగించి చూశాం. నంద్యాల ఎండ మీకు తెలియంది కాదు. సాయంత్రానికి ఎండి, పెళుసుబారి, వేలు తగిలితే పొడిపొడిగా రాలింది. తర్వాత కంబళ్లు నేసేవాళ్లు వాడే చింతగింజల బంక. గింజలు వేయించి, పొట్టు తీసి, తిరగట్లో విసిరి, ఉడికించడం. పెద్ద ముక్కలు పట్టాయి గానీ, స్తంభం నెత్తిన కూర్చోవాల్సిన చిన్న బోదెలు మాత్రం జారిపోయేవి. బోదె అంటే స్తంభానికీ దూలానికీ నడుమ ఉండే పీట. మా నమూనాలో ఒక్కొక్కటి గోరంత, కుసి తీయడానికి కూడా పట్టదు. వాటిని పట్టుకుని కూర్చుని నా మెడ పట్టేసింది. పని ఎందాకా వచ్చిందో చూద్దామని మళ్లీ వచ్చిన శిల్పి మా అవస్థ చూసి ఒక ఉపాయం చెప్పాడు.

"బెల్లం ఎయ్యి బావా. మేము గచ్చులో ఎయ్యమా? సున్నంలో బెల్లంనీళ్లు పోస్తే గోడ రాయి మాదిరి అయితాది."

"ఇది గోడ కాదప్పా. చెక్క."

"చెక్కకేం తెలుస్తాది బెల్లమని?"

మేస్త్రి మూతి ముడుచుకుంటూనే వేశాడు. చెప్పొద్దూ, బ్రహ్మాండంగా పట్టింది! బంక తీగలు సాగింది, గోరంత బోదె పెట్టినచోట పెట్టినట్టే కూర్చుంది. శిల్పి మీసం తడుముకున్నాడు. మేస్త్రి మెచ్చుకోలేదు, తిట్టనూలేదు. ఆయన తిట్టలేదంటే మెచ్చుకున్నట్టే.

అడుగుకు అంగుళం లెక్కన పని సాగింది. చిన్న ముక్కలు అతికించడంలో కిటుకు ఒక్కటే, ఓపిక. పుల్ల మొనతో రెండు వైపులా పలచగా రాయాలి. కాసేపు ఆగాలి. అది కాస్త జిగట తేలాక కలిపి, ఊపిరి బిగబట్టి, కదలకుండా పట్టుకోవాలి. తర్వాత నూలు దారంతో చుట్టి, పైన చిన్న ఇసుక మూట పెట్టి, దాని జోలికి పోకూడదు. ఈ చివరిదే కష్టం. ఆరిందో లేదో అని తాకి చూసే రోగం అందరికీ ఉంటుంది. నేను తాకబోయినప్పుడల్లా మేస్త్రి మూలనుంచే దగ్గేవాడు.

స్వామికి చూపించడానికి పెట్టిన మంచి రోజుకు ముందు రోజు, గడ్డి పరిచిన వెదురుగంపలో నమూనా పెట్టుకుని మేస్త్రీ నేనూ ఆళ్లగడ్డ బస్సెక్కాం. బస్సు అనాలి గాబట్టి అంటున్నా. పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బండి. ఎగువ వస్తే మనుషులు దిగి తొయ్యాలి. మేస్త్రి దిగి తోశాడు. నన్ను దిగనివ్వలేదు. "నువ్వు గంప దించినావంటే నిన్ను ఈడ్నే పూడుస్తా" అన్నాడు. అన్ని కుదుపుల్లోనూ ఒక్క బోదె కదల్లేదు. శిల్పి ఇంట్లో దించి మూత తీస్తే, ఆయన భార్య చేతులు జోడించి దండం పెట్టింది. తలుపు పక్కన గోడకు ఆనించి కొత్త సుత్తి ఉంది. కంకర సుత్తి. ఆమె దాని వంక చూడకుండా దాటుకుని పోతూ ఉండడం గమనించాను.

ఆ సాయంత్రం సన్నటి ముసురు పట్టింది.

తెల్లారి మేము వేపపుల్లలు నములుతుండగా లోపలినుంచి ఆమె కేక. "ఓ అన్నా! బేగా రాండి! చీమలు!"

గోడ బొరియనుంచి గంప దాకా నల్లటి గీత. గంప నిండా చీమలు. ముసురు గాలికి బెల్లం చెమ్మ పట్టి, బంక మెత్తబడింది. దాన్ని అవి మహా శ్రద్ధగా తవ్వి మోసుకుపోతున్నాయి. ఒక స్తంభం కుసి సగం పైకి లేచి పక్కకు ఒరిగింది. బోదెలు గడ్డిలో రాలి ఉన్నాయి. నేను దూలం పట్టుకుంటే చేతికి వచ్చేసింది. ఇన్నాళ్లు ఊపిరి బిగబట్టి అతికించిన పని!

మేస్త్రి బావమరిది వైపు చూశాడు. "చెక్కకు తెలియలేదప్పా బెల్లమని. చీమలకు తెలిసింది."

శిల్పి గంప పక్కన కూలబడ్డాడు. పెద్దాయన బండి గుడి దగ్గరికి రావడానికి ఇంకెంతో పొద్దు లేదు.

నా పనిముట్ల సంచిలో వజ్రం ముక్క ఉంది. వడ్రంగి సంచిలో అది ఎప్పుడూ ఉంటుంది. నేను అది తీసి అరచేతిలో పెట్టుకున్నాను. పొయ్యి ఎట్లాగూ మండుతోంది. గంప గుడికి చేరేలోపల పట్టేస్తుంది. మేమున్న నలుగురికి తప్ప ఎవరికీ తెలియదు. మేస్త్రి శిల్పి వైపు తిరిగాడు. అడగాల్సిన మనిషి ఎవరో ఆయనకు తెలుసు. శిల్పి భార్య నా చేతిని చూసింది, భర్తను చూసింది, మొదటిసారి తలుపు పక్కనున్న సుత్తిని చూసింది.

శిల్పి నా వేళ్లను మెల్లగా మూసేశాడు. "వద్దప్పా. లోపల పెట్టుకో. ఆ అర్చకస్వామి దేంతో అతికించినావని అడిగితే నా నోరు ఎట్ల లేస్తాది?"

అందరికంటే ఎక్కువ పోగొట్టుకునేవాడు ఆయనే. అయినా ఆ మాట అన్నాడు.

"అయితే లేయ్," అన్నాడు మేస్త్రి. "కుసులు ఉండాయి గదా. చీమలు కుసులు తినలేదు. ముక్కలు విప్పి, దులిపి గంపకెత్తు. ఆడికే పోయి నిలబెడదాం."

గుడి ముందర, మంటపం రావాల్సిన చోటనే పీట వేసి ఉంది. పెద్దాయన తుండుగుడ్డ భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. గంపలో ముక్కలు చూసి ముఖం ఎర్రబడింది.

"ఏందప్పా ఇది? మంచి పొద్దుకు పుల్లలు మోసుకొస్తివా?"

శిల్పి చేతులు కట్టుకుని జరిగింది జరిగినట్టు చెప్పాడు. చింతగింజలు, బెల్లం, చీమలు, ఏదీ దాచలేదు. అర్చకస్వామి చిక్కిన మనిషి, పెద్ద వయసు. అంతా విని పకపకా నవ్వాడు. "స్వామికి చూపించకముందే చీమలకు నైవేద్యం అయిపోయిందన్నమాట! కానివ్వండి నాయనా, ఇప్పుడు నిలబెట్టండి, చూద్దాం."

నేను పీట ముందు కూర్చున్నాను. మేస్త్రి పక్కన గొంతు కూర్చుని ముక్కలు ఒక్కొక్కటే అందించాడు. ఒక్క తిట్టూ తిట్టలేదు. ఆయన తిట్టకపోయేసరికి నాకు ఇంకా భయం వేసింది. అడుగు పలక మీద బెజ్జాల్లో స్తంభాలు ఒక్కొక్కటే దించాను. కుసులు బిగుతుగా దూరాయి. జిగురు లేకుండా, ఒరగకుండా, వరసగా నిలబడ్డాయి. ఇంత చిన్నదానికి కుసి ఎందుకని సణిగిన నోరు నాదే గదా! ఆ మనిషికి నేను ఎప్పుడూ కాళ్లకు మొక్కలేదు. అప్పుడు లోపల మొక్కుకున్నాను.

దూలాలు పెట్టబోతుంటే అర్చకస్వామి "ఆగు" అన్నాడు. వంగి స్తంభాల నడుమకు చూస్తున్నాడు. "అడుగుకు అంగుళమా? అయితే మన పల్లకి బొంగు ఇంత ఉంటుంది." కింద పడి ఉన్న వేపపుల్ల తీసి, తగినంతకు విరిచి, స్తంభాల నడుమ పెట్టాడు. లోపలికి తెచ్చాడు. గర్భగుడి వైపుకు తిప్పబోయాడు. పుల్ల రెండు స్తంభాలకు అడ్డంగా తగిలి ఆగిపోయింది. వెనక్కి తీసి మళ్లీ తిప్పాడు. మళ్లీ ఆగింది.

"స్వామి లోపలికి వస్తాడు గానీ తిరగలేడే!"

శిల్పి ముఖంలో నెత్తురు లేదు. గీత ఆయనదే. పెద్దాయన తుండుగుడ్డ భుజం మార్చుకున్నాడు. "అయితే ఇది పనికి రాదనేనా స్వామీ?" అని బండి వైపు ఒక అడుగు వేశాడు.

"ఉండయ్యా!" శిల్పి గబుక్కున కూర్చుని నడిమి స్తంభాలు రెండు పెరికేశాడు. అవి ఊరికే వచ్చేశాయి, జిగురు లేదు గదా. "వీటిని ఇట్ల పక్కకు జరిపి, బోదె పొడుగు పెంచితే? దూలం ఆగుతాది. నేను ఆపుతా." జరిపిన చోట బెజ్జాలు లేవు. ఒక స్తంభం ఆయన పట్టుకున్నాడు, ఇంకొకటి నేను పట్టుకున్నాను. మేస్త్రి పైన దూలం ఆనించి రెండు చేతులతో ఎత్తిపట్టాడు. "తిప్పండి స్వామీ."

వేపపుల్ల లోపలికి వచ్చింది, తిరిగింది, గర్భగుడికి ఎదురుగా నిలిచింది.

"ఏదీ, నాకీయండి" అని పెద్దాయన ఆ పుల్ల అందుకుని మట్టిలోనే చతికిలబడ్డాడు. తెచ్చాడు, తిప్పాడు. మళ్లీ తెచ్చాడు, మళ్లీ తిప్పాడు. చిన్నపిల్లవాడి ఆట! "ఓహో, ఇప్పుడు తెలిసెనప్పా! కాగితంలో ఇదంతా యాడుండె?" అని ఒకటే సంబరం. అర్చకస్వామి లోపలికి పోయి హారతి పళ్లెం, తులసి తెచ్చాడు. మాకేమో వేళ్లు తీయడానికి లేదు, తీస్తే మంటపం కూలుతుంది. ఆ హారతి అయ్యేదాకా మేము ముగ్గురం కదలకుండా, చీమలు మోచేతుల దాకా పాకుతున్నా, ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. ఆ కాసేపు జిగురు మేమే. దూలం మీద తులసిదళం పెట్టి స్వామి "శుభం" అన్నాడు. పెద్దాయన శిల్పితో, "రేపట్నుంచే రాయి చూసుకో" అన్నాడు.

అతుకులు బాగుండి ఉంటే ఏమయ్యేదో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. అందరూ చుట్టూ తిరిగి ఆహా అని మెచ్చుకుని, హారతి ఇచ్చి, ఇండ్లకు పోయేవాళ్లు. రాతి స్తంభాలు లేచాక, పండుగ రోజు పల్లకి లోపల ఇరుక్కునేది. అప్పుడు శిల్పి బతుకేమయ్యేదో! అందుకే నా జీవితంలో నేను కృతజ్ఞత చెప్పుకోవాల్సిన పెద్దల వరసలో చీమలనూ చేర్చుకున్నాను. నవ్వుకుంటే నవ్వుకోండి.

మంటపం పూర్తయ్యేసరికి యుద్ధం ముగిసింది. మొదటిసారి పల్లకి వచ్చిన రోజు మమ్మల్ని పిలిచారు. బోయీలు లోపలికి వచ్చి, వేపపుల్ల తిరిగినట్టే తిరిగారు. జనం గోవిందా అంటుంటే అర్చకస్వామి మా వైపు చూసి చూపుడువేలు గాలిలో గుండ్రంగా తిప్పి నవ్వాడు.

జనం పల్చబడ్డాక శిల్పి మమ్మల్ని మూల స్తంభం దగ్గరికి తీసుకుపోయి, "వంగి చూడు బావా" అన్నాడు. స్తంభం అడుగున, పాదాలు తగిలేంత కింద, రాతిలో చీమల బారు. ముందు నడిచే చీమ నోట్లో చిన్న బెల్లపు గడ్డ. ఒక్కొక్క చీమకూ కాళ్లు చెక్కాడు. వెంట్రుకంత సన్నని కాళ్లు.

మేస్త్రి మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూశాడు. వేలితో తడిమాడు. ఏదో ఎగతాళి చేస్తాడనుకున్నాం. చేయలేదు. ఆయన కళ్లు చెమ్మగిల్లడం నేను చూసింది ఆ ఒక్కసారే. లేచి, తుండుగుడ్డతో ముఖం తుడుచుకుని, శిల్పి భార్యను అడిగాడు.

"ఆ సుత్తి ఏమయిందమ్మా?"

"ఇంట్లోనే ఉండాదన్నా. ఎనుమును కట్టేసే గూటం దాంతోనే కొట్టుకుంటాండాం" అంది ఆమె.